మాయ కిందికి ఉందన్న తర్వాత మా ఇంట్లో చేసుకున్న ఏర్పాట్లు

గర్భిణికి రక్తం కనబడగానే ఇంట్లో మొదట వినబడే ప్రశ్న "ఏం చేశావు?" అన్నదే. బరువెత్తావా, మెట్లెక్కావా, బొప్పాయి తిన్నావా, ఆటోలో కుదుపులు తగిలాయా అని ప్రేమ ఉన్నవాళ్లే అడుగుతారు. ప్లాసెంటా ప్రీవియాతో, అంటే మాయ (ప్లాసెంటా) గర్భాశయ ముఖద్వారాన్ని కప్పి ఉండడంతో, చివరి నెలలన్నీ కూకట్‌పల్లిలోని మా ఇంట్లో గడిపిన నేను ఆ ప్రశ్నను చాలామంది నోట విన్నాను. దానికి జవాబు తెలిసిన తర్వాతే నాకు కంటినిండా నిద్ర పట్టింది కాబట్టి ముందుగా ఆ జవాబే రాస్తున్నాను.

మామూలుగా మాయ గర్భాశయం పైభాగంలోనో పక్క గోడకో అంటుకుని పెరుగుతుంది. కొందరిలో అది కింది భాగంలో నాటుకుని ముఖద్వారాన్ని కప్పేస్తుంది. ఐదో నెలలో బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాన్‌లో మాయ కిందికి కనబడిన పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి, గర్భాశయం పెరిగేకొద్దీ, నెలలు నిండేసరికి అది ద్వారానికి దూరమైపోతుంది. అలా దూరం కానివారిలో, ఏడో నెల దాటి గర్భాశయం కింది భాగం సాగి పలచబడేటప్పుడు, దానితోపాటు సాగలేని మాయ అంచు దగ్గర కొద్దిగా ఊడుతుంది, అక్కడి రక్తనాళాలు తెరుచుకుంటాయి. నొప్పి ఏమాత్రం లేకుండా, పడుకుని ఉండగానే, ఎర్రటి రక్తం రావడానికి కారణం ఇదే. నాకు మొదటిసారి బ్లీడింగ్ అయినప్పుడు నేను గాఢనిద్రలో ఉన్నాను. బొప్పాయికీ మెట్లకూ దానితో సంబంధం లేదు.

ఆస్పత్రిలో అడుగుపెట్టగానే చెప్పవలసిన మొదటి మాట "మాయ కిందికి ఉంది" అన్నదే. అలాంటప్పుడు చేతి వేళ్లతో లోపలి పరీక్ష చేస్తే రక్తస్రావం విపరీతమయ్యే ప్రమాదం ఉంది. రాత్రి డ్యూటీలో ఉన్నవారికి మన చరిత్ర తెలియకపోవచ్చు కనుక మా ఆయన స్కాన్ రిపోర్టు ఫొటోను తన ఫోన్‌లోనూ, అత్తయ్య ఫోన్‌లోనూ ఉంచారు. యోని ద్వారా చేసే స్కాన్‌కు మాత్రం భయపడనక్కరలేదు. ఆ పరికరం ముఖద్వారం లోపలికి వెళ్లదు, మాయ అంచు ఎక్కడుందో కచ్చితంగా చూపేది కూడా అదే.

తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మా ఇళ్లలో ఆనవాయితీ. మా ఊరు ఖమ్మం దాటి ఇంకా లోపలికి ఉంటుంది. అక్కడికి వెళ్లి, అర్ధరాత్రి రక్తం పోతే ఏం చేస్తామన్న ఆలోచనతో అందరూ తర్జనభర్జన పడుతుంటే, "నువ్వు కదలకు బిడ్డా, నేనే వస్తా" అని అమ్మ ఒక్క మాటతో తేల్చేసింది. మంచం కాళ్లవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేయాలని అత్తయ్య పట్టుబట్టారు. రోజంతా మంచానికే అంటుకుని ఉంటే రక్తస్రావం ఆగుతుందనడానికి ఆధారం లేదనీ, కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుందనీ మా డాక్టరుగారు చెప్పిన తర్వాత ఆవిడే ఇటుకలు తీయించారు. ఇంట్లో మెల్లగా తిరగవచ్చు, బరువులు ఎత్తకూడదు, భార్యాభర్తలు కలవకూడదు. నాకు పెట్టిన నియమాలు ఇంతవరకే.

అసలు శ్రమంతా రక్తం కోసం పడ్డాం. నాది ఓ నెగెటివ్. మన దేశంలో ఆర్‌హెచ్ నెగెటివ్ గలవారు సుమారు 5 శాతమే. పైగా ఓ నెగెటివ్ వారికి ఓ నెగెటివ్ రక్తమే ఎక్కించాలి. మా తమ్ముడిది అదే గ్రూపు గానీ వాడు అప్పటికి కొద్దిరోజుల కిందటే రక్తదానం చేశాడు, మగవారు మళ్లీ ఇవ్వాలంటే 90 రోజులు ఆగాలి. దాంతో మా ఆయన ఆఫీసులోనూ, బంధువుల్లోనూ అదే గ్రూపు వారిని వెతికి, ఎవరు ఏ నెలలో ఇవ్వగలరో రాసుకుని, ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపు మీద అంటించారు. ఆయనది పాజిటివ్ గ్రూపు కనుక బిడ్డదీ పాజిటివ్ కావచ్చు, ఆ రక్తానికి వ్యతిరేకంగా నా ఒంట్లో యాంటీబాడీలు తయారుకాకుండా, బ్లీడింగ్ అయినప్పుడు 72 గంటల్లోగా నాకు యాంటీ-డీ ఇంజెక్షన్ ఇచ్చారు. హిమోగ్లోబిన్ తగ్గకుండా ఐరన్‌ను సెలైన్‌లో ఎక్కించారు. పోయే రక్తాన్ని ఆపడం మన చేతిలో లేనప్పుడు, ఒంట్లో ఉన్నదాన్ని పెంచుకోవడం మన చేతిలో ఉంది కదా అన్న ధైర్యం నాకు ఆ సెలైన్ సీసా వల్లనే కలిగింది.

ఇంటికి దగ్గరలోని నర్సింగ్‌హోంను వదిలి, దూరమైనా 24 గంటల బ్లడ్ బ్యాంకు, నెలలు నిండని పిల్లలకు ఎన్‌ఐసీయూ ఉన్న ఆస్పత్రిని ఎంచుకున్నాం. సాయంత్రం వేళ జేఎన్‌టీయూ చౌరస్తా దాటడానికి పట్టే సమయాన్ని కూడా లెక్కలో వేసుకున్నాం. ఎంత కొద్దిగా కనబడినా ఇంట్లో కూర్చుని చూడకుండా బయలుదేరాలి, కారు అందకపోతే 108కు ఫోన్ చేయాలి అని ముందే అనుకున్నాం. తడిసిన ప్యాడ్‌లను పారేయకుండా సంచిలో తీసుకువెళ్లమని అమ్మకు చెప్పాను, ఎంత రక్తం పోయిందో మాటల్లో చెప్పడం కష్టం. నెలలు నిండకుండా పుట్టినా బిడ్డ ఊపిరితిత్తులు సిద్ధంగా ఉండడం కోసం డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు 12 గంటలకొకటి చొప్పున నాలుగు ఇచ్చారు.

రెండోసారి బ్లీడింగ్ ఆగిన తర్వాత నన్ను ఇంటికి పంపలేదు. మాయ ద్వారాన్ని కప్పి ఉన్నప్పుడు సాధారణ కాన్పు కుదరదు. ఇబ్బంది లేకపోతే 36, 37 వారాల మధ్య, రక్తస్రావం అవుతూ ఉంటే 34 దాటాక ఆపరేషన్ చేస్తారు. నాకు 36వ వారంలో చేశారు. రక్తం ఎక్కించవలసి వచ్చింది, పాప కొంతకాలం ఎన్‌ఐసీయూలో ఉంది, ఇద్దరం క్షేమంగా ఇంటికి వచ్చాం.

ఇది తొలి కాన్పు ఆపరేషన్‌తో అయినవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. పాత కోత మచ్చ మీద మాయ నాటుకుంటే అది గర్భాశయ కండరంలోకి చొచ్చుకుపోయి, కాన్పు తర్వాత విడిపోకపోవచ్చు. దీనిని అక్రీటా అంటారు, కొన్నిసార్లు గర్భసంచినే తీసేయవలసి వస్తుంది. అందుకని మళ్లీ గర్భం వచ్చినప్పుడు స్కాన్ చేసేవారిని మాయ ఎక్కడుందని మాత్రమే అడిగి ఊరుకోకుండా, పాత కోత మీద ఉందా అని కూడా అడిగి, జవాబును రిపోర్టులో రాయించుకోండి.