మా ఇంటి మండువా

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఈ ఇల్లు మొదటిసారి చూడ్డానికి వెళ్లినప్పుడు మా ఆయన కారు దిగకుండానే "గోడౌన్‌లా ఉంది" అన్నాడు. నిజమే. వీధిలోంచి చూస్తే గ్యారేజీ, దాని పక్కన చెక్క గోడ, ఓ తలుపు. ఒక్క కిటికీ లేదు. తలుపు తీస్తే మాత్రం మళ్లీ ఆకాశం కిందే ఉంటాం. మధ్యలో కప్పు లేని చిన్న జాగా, చుట్టూ నేల నుంచి పైదాకా అద్దాలు, ఆ అద్దాల వెనక గదులు. ఇక్కడివాళ్లు ఏట్రియం అంటారు. మా నాన్న అమలాపురం దగ్గర మండువా లోగిట్లో పెరిగినాయన. వచ్చిన రోజు చేతిలో సూట్‌కేసు దించకుండానే "ఇది మండువా కదే!" అన్నారు.

ఇది 1961లో కట్టిన ఐక్లర్ ఇల్లు. జోసెఫ్ ఐక్లర్ ఆర్కిటెక్ట్ కాదు, వెన్నా గుడ్లూ అమ్మే హోల్‌సేల్ వ్యాపారంలో లెక్కలు చూసిన మనిషి. 1940ల్లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే పేరున్న అమెరికన్ ఆర్కిటెక్ట్ గీసిన ఓ ఇంట్లో కొన్నాళ్లు అద్దెకున్నాడు. ఆ ఇల్లు ఆయన్ని వదల్లేదు. మంచి ఆర్కిటెక్టుల్ని పెట్టుకుని, మధ్యతరగతి వాళ్ల కోసం కాలిఫోర్నియాలో దాదాపు 11,000 ఇళ్లు కట్టించాడు. నల్లవాళ్లకీ ఆసియావాళ్లకీ కూడా అమ్మేవాడు. బిల్డర్ల జాతీయ సంఘం ఇళ్ల అమ్మకంలో జాతి వివక్ష మీద నోరు మెదపకపోతే 1958లో అందులోంచి బయటికొచ్చేశాడు. ఇది చెప్తే నాన్న "అయితే అప్పుడొచ్చినా మనకి ఇల్లు దొరికేదన్నమాట" అన్నారు.

ఇంట్లో హీటరు కనపడదు. కాంక్రీటు నేలలో గొట్టాలు వేసి వేడినీళ్లు తిప్పుతారు. అమ్మ రెండో రోజుకే ఎక్కడ ఎక్కువ వెచ్చగా ఉందో అరికాలితో కనిపెట్టింది. బాత్‌రూమ్ తలుపు పక్కన, సరిగ్గా రెండు పలకల మేర. రాత్రి ఇడ్లీ పిండి గిన్నె అక్కడ పెట్టి పళ్లెం మూసింది. తెల్లారేసరికి పిండి పళ్లేన్ని లేపి నేల మీదికి దిగింది. ఆ చలికాలమంతా ఆ గిన్నె దాటుకుంటూనే తిరిగాం.

వంటింటికీ హాలుకీ మధ్య గోడ లేదు. వంట చేస్తూ పిల్లల్ని ఓ కంట కనిపెట్టుకోవచ్చని అలా కట్టారు. వాళ్లకి ఇంగువ తాలింపు సంగతి తెలీదు పాపం. మా చెక్క గోడలకి పట్టిన వాసన మూడు రోజులు పోదు. చేపల పులుసు పెరట్లోనే. పిల్లల్ని చూసుకోవడం మాత్రం భేషుగ్గా కుదిరింది. పొయ్యి దగ్గర నించుంటే, ఏట్రియం మీదుగా రెండు అద్దాలు దాటి మావాడి బల్ల కనిపిస్తుంది. పుస్తకం కింద ఫోను కూడా. నెలలోపే వాడు కర్టెన్ వేయించుకున్నాడు.

జనవరిలో ఓ రాత్రి కుండపోత వాన. ఏట్రియం నేలా ఇంటి నేలా ఇంచుమించు ఒకే ఎత్తు. తూములో ఆకులు అడ్డుపడి, నీళ్లు అద్దాల తలుపు దాకా వచ్చేశాయి. నేను టెన్షన్‌లో ప్లంబర్ నంబరు వెతుకుతుంటే, నాన్న లుంగీ ఎగ్గట్టి, గొడుగు అమ్మ చేతికిచ్చి, మోచేయి దాకా నీళ్లలో పెట్టి ఆకులు లాగేశారు. "ఇన్ని అద్దాలు పెట్టినవాడు తూముకి ఓ జల్లెడ పెట్టలేదేంటే?"

మర్నాడు నాన్న, అమ్మ నాకోసం తెచ్చిన స్టీలు చిల్లుల గిన్నెని తూము మీద బోర్లించి, పైన ఇటుక పెట్టారు. రెండేళ్లయింది, ఇంకా అక్కడే ఉంది. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఆ గిన్నె సంగతే అడుగుతుంది.