నొప్పికి నంబర్ వేయడం: ఐబీఎస్ ట్రయల్‌లో నా అనుభవం

ఐబీఎస్ అంటే కడుపునొప్పితో పాటు విరేచనాలో మలబద్ధకమో పదేపదే వేధించే పేగుల సమస్య. అది ఎంత తగ్గిందో చూపించే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. మందు పనిచేసిందో లేదో పేషెంటే చెప్పాలి. ఆ చెప్పడం ఎంత కష్టమో విరేచనాల రకం ఐబీఎస్‌కి మందును పరీక్షించే ట్రయల్‌లో చేరాకే నాకు అర్థమైంది.

మందు ఇవ్వకముందే డైరీ మొదలైంది. రోజూ రాత్రి ఫోన్‌లో ఒక ప్రశ్న: గత 24 గంటల్లో కడుపునొప్పి బాగా ఎక్కువైనప్పుడు ఎంత ఉంది? 0 అంటే అసలు లేదు, 10 అంటే ఊహించగలిగినంత నొప్పి. ఆ తర్వాత మలం ఎంత గట్టిగా, ఎంత పలచగా ఉందో చూపే బ్రిస్టల్ చార్ట్‌లోని 7 బొమ్మల్లో ఆ రోజు విరేచనం ఏదో గుర్తుపెట్టాలి. 1 గట్టి ఉండలు, 7 పూర్తిగా నీళ్లు. నావి ఎక్కువగా 6, 7 ఉండేవి.

బొమ్మతో ఇబ్బంది లేదు, నంబర్‌తోనే వచ్చింది. పొద్దున పావుగంట మెలిపెట్టేసి, ఆపైన రోజంతా హాయిగా ఉంటే ఏం వేయాలి? రాత్రికి 3 అనిపించేది. కోఆర్డినేటర్‌ని అడిగితే, "రోజంతా కలిపి చూడకండి మేడమ్, ఆ పావుగంటకే వేయండి" అన్నారు. అలా చూస్తే అది 7. మర్నాడు వేద్దామంటే యాప్ ఒప్పుకోదు. అది మంచిదే. నొప్పి పోయాక అదెంత ఉందో మనకే సరిగ్గా గుర్తుండదు.

ఫలితం లెక్కకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో ఇచ్చిన పద్ధతే వాడారు. వారం సగటు నొప్పి మందు మొదలుపెట్టకముందు కంటే కనీసం 30 శాతం తగ్గాలి. 6 లేదా 7 రకం విరేచనాలైన రోజులు కూడా కనీసం సగానికి తగ్గాలి. ఒకే వారంలో రెండూ జరగాలి, అలాంటి వారాలు మొత్తంలో సగమైనా ఉండాలి. నాకు నొప్పి బాగా తగ్గి, విరేచనాలు మాత్రం అలాగే ఉన్న వారాలున్నాయి. అవి లెక్కలోకి రావని తెలిసి బాధేసింది. కానీ ఐబీఎస్ ట్రయల్స్‌లో పోలిక కోసం ఇచ్చే, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో కూడా చాలామంది తగ్గిందనే చెబుతారు. "మొత్తమ్మీద ఎలా ఉంది?" అని అడిగి వదిలేస్తే మందు గొప్పతనమేదో, నమ్మకం వల్ల వచ్చిందేదో తేలదు. అందుకే ఆ కఠినత్వం నాకు సబబుగానే అనిపించింది.

నాకు మిగిలిన అసంతృప్తి ఒక్కటే. నన్ను ఇంట్లో కట్టిపడేసింది నొప్పికంటే ఎక్కువగా అర్జెన్సీ: ఉన్నట్టుండి బాత్రూమ్‌కి పరిగెత్తాల్సి రావడం. డైరీలో దానికీ ఒక ప్రశ్న ఉంది గానీ ప్రధాన ఫలితంలో దాన్ని కలపలేదు. చివరి విజిట్‌లో ఆ మాట డాక్టర్ గారికి చెప్పాను, ఆవిడ రాసుకున్నారు. నేను వేసుకున్నది అసలు మందో కాదో అప్పటికి ఆవిడకీ తెలియదు.