30 రోజులు కరెంటు పెట్టించుకున్నాను

మా వైపు రేడియేషన్ అంటే చాలామందికి తెలియదు, "కరెంటు పెడుతున్నారట" అంటేనే అర్థమవుతుంది. నాకు చర్మం క్యాన్సర్ వస్తే ఎడమ చెంపకి, మెడకి 30 సార్లు పెట్టారు. పెట్టేటప్పుడు ఏమీ తెలియదు, హమ్మయ్య అయిపోయింది అనుకున్నాకే అసలు సంగతి మొదలవుతుంది. ఈ రెండో ముక్క నాకు ముందు ఎవరూ గట్టిగా చెప్పలేదు, అందుకే రాస్తున్నాను.

ఫిబ్రవరిలో చెంప మీద కందిగింజంత ఎర్రటి బొడిపె లేచింది. నొప్పి లేదు, దురద లేదు, షేవింగ్‌లో బ్లేడుకు తగిలేది, అంతే. ఊళ్ళో చూపిస్తే సెగగడ్డ అన్నారు. మూడు వారాలు యాంటీబయాటిక్స్ మింగాను, ఈలోపు అది రేగుపండంత అయింది, రంగు నేరేడుకు తిరిగింది. తప్పు ఆ డాక్టర్‌ది ఒక్కడిదే అనను, నొప్పి లేదు కదా అని నేనూ ధీమాగానే తిరిగాను. నొప్పి లేకుండా గబగబా పెరగడమే ఈ జబ్బు గుర్తు అని తర్వాత తెలిసింది.

హైదరాబాద్‌లో ముక్క తీసి పంపితే మెర్కెల్ సెల్ కార్సినోమా అని వచ్చింది. సీకే20 పాజిటివ్, టీటీఎఫ్1 నెగెటివ్ అని రిపోర్టు, అవి కణాల్లో ఉండే రెండు ప్రొటీన్ల పేర్లట. ఊపిరితిత్తుల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్ కూడా మైక్రోస్కోపు కింద ఇలాగే ఉంటుందట, అది కాదని తేల్చుకోవడానికే ఆ పరీక్షలు. నాకొచ్చింది చర్మం క్యాన్సర్లలో బాగా అరుదైనది, మొండిది. దీన్ని మొదట 1972లో గుర్తించారు, 2008లో పిట్స్‌బర్గ్ పరిశోధకులు దీని వెనక ఒక వైరస్‌ని కనిపెట్టారు, పది గడ్డల్లో ఎనిమిదింట్లో అది ఉంటుందట. ఎండ ఇంకో కారణం. నేనేమో 31 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్ మాస్టర్ని, నెత్తిన టోపీ లేకుండా గ్రౌండులో నిలబడ్డవాణ్ణి. నాకు దేనివల్ల వచ్చిందని అడిగితే "తేల్చి చెప్పలేం మాస్టారూ" అంది డాక్టరమ్మ. (జబ్బు ఎక్కడికైనా పాకిందేమో చూడ్డానికి పెట్ స్కాన్ తీశారు. డ్రిల్ మాస్టర్ని స్కూల్లో పీఈటీ అంటారు కదా, పీఈటీకే పెట్ స్కానా మామయ్యా అని మా అల్లుడు జోకేశాడు. ఆ నెలలో ఇంట్లో అందరం నవ్వింది అదొక్కసారే.)

ఆపరేషన్ ఏప్రిల్‌లో అయింది. కంటికి దగ్గర కాబట్టి చుట్టూ కావలసినంత తీయలేకపోయారు, మెడలో తీసిన రెండు లింఫు గ్రంథుల్లో ఒకదాంట్లో క్యాన్సర్ కణాలు దొరికాయి. అందుకని కరెంటు. రోజుకు 2 గ్రే (కరెంటు మోతాదుకు కొలత అది) చొప్పున మొత్తం 60, శని ఆదివారాలు సెలవు. ముందు పళ్ళ డాక్టర్ దగ్గరికి పంపి రెండు పుచ్చుపళ్ళు పీకించారు, కరెంటు పెట్టాక పన్ను తీస్తే దవడ ఎముక సరిగా మానదట.

తర్వాత మాస్కు. జల్లెడ లాంటి ప్లాస్టిక్ పలకని వేడినీళ్ళలో వేస్తే తడిసిన అప్పడంలా మెత్తబడుతుంది, దాన్ని ముఖం మీద పరిచి ముక్కు పక్కన, గడ్డం కింద వేళ్ళతో నొక్కుతారు. మొదట వెచ్చగా బాగానే ఉంటుంది, చల్లారి బిగుసుకుంటుంటే మాత్రం ఎవరో ముఖాన్ని పిడికిట్లో పట్టుకున్నట్టే. ఇంకో తిరకాసు ఏంటంటే, ఆ మిషన్ కిరణాలు పైచర్మాన్ని పెద్దగా పట్టించుకోకుండా కాస్త లోతుకు వెళ్ళాకే జోరుగా పనిచేస్తాయి. మనకు కావలసిందేమో పైచర్మమే. అందుకని చెంప మీద బోలస్ అనే జెల్లీ పలక పెట్టి దానిపైన మాస్కు బిగిస్తారు, కిరణాలు ఆ పలకనే చర్మం అనుకుంటాయన్నమాట. ఏసీ గదిలో అది చెంపకి తగిలితే తాటిముంజె పెట్టినట్టు ఉండేది. బయటేమో మే నెల ఎండ.

"అంకుల్, కదలొద్దు, ఇబ్బందైతే చెయ్యెత్తండి" అని చెప్పి టెక్నీషియన్ పిల్లలు బయటికెళ్ళి తలుపు వేసుకుంటారు. నేను లోపల వన్ టూ త్రీ ఫోర్ అని డ్రిల్ లెక్క పెట్టుకునేవాణ్ణి. మూడో వారంలో మిషన్ రిపేరని రెండు రోజులు వెనక్కి పంపారు, అప్పుడు పడిన టెన్షన్ ఆపరేషన్‌కి కూడా పడలేదు. తర్వాత రెండు శనివారాలు పిలిచి ఆ లోటు పూడ్చారు.

మొదటి రెండు వారాలు ఇంతేనా అనిపించింది. తర్వాత నాలుకకి రుచి పోయింది, ఉమ్మి జిగురులా సాగేది, వంటసోడా, ఉప్పు కలిపిన నీళ్ళతో రోజుకు ఆరుసార్లు పుక్కిలించేవాణ్ణి. ఐదో వారానికి చెంప నల్లబడి పొట్టు లేచింది. పసుపు రాయమని మా అక్క, కలబంద అని పక్కింటావిడ, ఏదీ రాయలేదు, డాక్టర్ రాసిన క్రీమే.

చివరి రోజు టెక్నీషియన్లకి స్వీట్లు పంచి ఇంటికొచ్చాను. వారం తిరిగేసరికి చెంప నుంచి రసి కారడం మొదలైంది, పొద్దున లేస్తే దిండు గలేబు చెంపకి అతుక్కుని వచ్చేది, మా ఆవిడ దాన్ని నీళ్ళతో తడిపి తడిపి ఊడదీసేది. రాగిజావ తప్ప ఏదీ దిగలేదు, ఆరు కిలోలు తగ్గాను. జబ్బు తిరగబెట్టిందేమో అని హడలిపోయి ఫోన్ చేస్తే, "అయిపోయాక వారం, రెండు వారాలకే ఎక్కువవుతుంది మాస్టారూ, మామూలే" అన్నారు. అదేదో ముందే కాగితం మీద రాసి ఇవ్వొచ్చుగా! మానడానికి నెల పైనే పట్టింది.

ఇప్పటికి పది నెలలు. తిరిగొస్తే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్ళలోనే వస్తుందట, మూడు నెలలకోసారి చూపించుకుంటున్నాను. ఆదివారం ఆదివారం మా ఆవిడ నా మెడ కింద వేళ్ళతో నొక్కి చూస్తుంది, ఆ నిమిషం ఇద్దరం మాట్లాడుకోం. రుచి ముప్పావు వంతు వచ్చింది, పులుపు బాగా తెలుస్తోంది, తీపి ఇంకా సరిగా లేదు. ఎడమ చెంప మీద గడ్డం మొలవడం లేదు. సెలూన్ కుర్రాడు నా పాత స్టూడెంటే, "సగమే కదా సార్" అంటూ గీస్తాడు, డబ్బులు మాత్రం పూర్తిగానే తీసుకుంటాడు.