కన్ను కింద వాపు, కుక్క పన్నుకి రూట్ కెనాల్: పశువైద్యుడిగా నా అనుభవం

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి నా దగ్గరికి తెచ్చిన లాబ్రడార్ కుక్క. కుడి కన్ను కింద వాపు. యాంటీబయాటిక్ వాడినన్నాళ్లు తగ్గడం, ఆపగానే మళ్లీ పొంగడం. పెదవి ఎత్తి చూస్తే పైదవడ నాలుగో ప్రీమోలార్ (కోరపన్ను వెనక వరసలోని పెద్ద పన్ను) బయటివైపు పెచ్చులా లేచిపోయి, మధ్యలో నల్లచుక్క. మత్తిచ్చాక ప్రోబ్ (సన్నని మొనున్న పరికరం) పెడితే మొన లోపలికి దిగింది. పల్ప్ (పన్ను లోపలి నరం, రక్తనాళాలుండే మెత్తని భాగం) చచ్చి చీము పట్టింది, కన్ను కింద వాపు దానిదే. మటన్ బొమికలు కొరికే కుక్కల్లో తరచూ విరిగేది ఈ పన్నే.

రూట్ కెనాల్ అంటే వేరు లోపలి కాలువని శుభ్రం చేసి నింపడం. దానికి ముందు ఎక్స్‌రే. అది లేనిచోట ఈ పని చేయించొద్దు, ఫోనులోనే అడిగేయండి. ఈ పన్నుకి మూడు వేర్లు: ముందు రెండు, వెనక ఒకటి. నేరుగా తీస్తే ముందువి రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి, ఎక్స్‌రే ట్యూబు పక్కకి జరిపి ఇంకోటి తీస్తేనే విడివిడిగా కనిపిస్తాయి. ఆ రెండింటిలో అంగిలివైపుది సన్నం. దాన్ని వదిలేస్తే వాపు తిరగబెడుతుంది.

కుక్క పన్ను వేరు కొసన మనకి మల్లే ఒక ప్రధాన రంధ్రం ఉండదు. సముద్రానికి చేరువలో గోదావరి చీలినట్టు సన్నని పాయలు బోలెడు. కాలువని గీకే సన్నని ఫైలు అక్కడ టక్కున ఆగుతుంది, నెట్టకూడదు. పాయల్ని శుభ్రం చేసే పని హైపోక్లోరైట్ అనే కడిగే మందుది. సూది కాలువలో బిగుసుకుంటే మందు ఎముకలోకి పోతుంది, అందుకే వదులుగా పెట్టి, మెల్లగా ఎక్కించాను. తర్వాత కాలువ గోడల మీది పొర తీయడానికి 17 శాతం ఈడీటీఏ ద్రావణం, ఆపైన పేపర్ పాయింట్లతో (సన్నని కాగితపు పుల్లలు) ఆరబెట్టడం. పాయింటు కొసకి నెత్తురు అంటితే కాలువ నింపకూడదు: లోపల పల్ప్ ముక్క మిగిలిందనో, వేరు కొస చిల్లుపడిందనో అనుమానించాలి. ఇక్కడ పొడిగానే వచ్చింది. సీలరు (అతికించే పేస్టు), గట్టాపెర్చాతో (రబ్బరులాంటి పదార్థం) నింపి మళ్లీ ఎక్స్‌రే తీశాను. వెనక వేరు కొసన ఖాళీ కనిపిస్తే తీసేసి మళ్లీ నింపి, పైన కాంపోజిట్ (పన్ను రంగు ఫిల్లింగ్) వేశాను.

కోరపన్నయితే లెక్క వేరు. 25, 31 మిల్లీమీటర్ల మనుషుల ఫైళ్లు పెద్ద కుక్కకి అందవు, 60 దాకా ఉన్నవి కావాలి. వేరు వంపు తిరిగి ఉంటుంది కాబట్టి విరిగిన మొన నుంచి కాక, చిగురుకి కాస్త ఎడంగా ముందువైపు నుంచి దారి చేయాలి. ఏడాదిన్నర లోపు కుక్కకి పన్ను గోడ పలచన. అందుకే దానికి విరిగిన 48 గంటల్లోపు తెస్తే రూట్ కెనాల్ కన్నా పల్ప్‌ని బతికించే చికిత్స మేలు.

రెండు వారాలు మెత్తని అన్నమే, బొమికలు ఇక ఎప్పటికీ వద్దు. ఆరు నెలలకి మళ్లీ మత్తిచ్చి ఎక్స్‌రే అంటే, కుక్కని పెంచేవాళ్లు ‘బాగానే తింటోందిగా డాక్టర్‌గారూ’ అంటారు. చీము పట్టిన పన్నుతోనూ ఈ లాబ్రడార్ గిన్నె ఖాళీ చేసింది మరి.