రైతు ఖాతాల ప్రోగ్రామ్: పని ఎంతవరకు వచ్చిందంటే

నేను చదివింది ఇంటర్ సీఈసీ. సత్తెనపల్లి దగ్గర ఒక పురుగుమందుల షాపులో పద్దులు రాస్తాను. ప్రోగ్రామర్‌గా ఉద్యోగం తెచ్చుకోవాలని రాత్రిళ్లు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటూ, షాపులో రైతుల బాకీల లెక్కకు ఒక ప్రోగ్రామ్ రాస్తున్నాను. బీటెక్ లేకుండా ఇదే దారిలో వస్తున్నవాళ్లకు పనికొస్తుందని, ఇప్పటిదాకా చేసింది రాసిపెడుతున్నాను.

ముందు సామాను సంగతి. నాది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్. హార్డ్ డిస్క్ తీయించి దానికన్నా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయించాను, పాత మెషీన్లోనూ తేలిగ్గా నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎక్కించాను. కోడ్ రాసే ఎడిటర్ థానీ. చిన్నది, తేలిక, ఒక్కో లైను నడుస్తుంటే ఏ వేరియబుల్‌లో ఏముందో చూపిస్తుంది. చేతిలో కొంచెం డబ్బుంటే ఏ కోర్సుకీ కట్టకండి, ముందు ఎస్ఎస్‌డీ కొనండి.

పాఠాలకు హార్వర్డ్ వాళ్ల సీఎస్50 కోర్సు పట్టుకున్నాను, ఉచితమే. మొదట స్క్రాచ్ భాష, తర్వాత సీ భాష, ఆ తర్వాతే పైథాన్ వస్తాయి. సీ దగ్గర చాలా కష్టంగా ఉంటుంది, అయినా దాటేయొద్దు. మెమరీ అంటే ఏమిటో అక్కడే అర్థమవుతుంది. ఇంగ్లిష్‌లో ఎర్రర్ వస్తే టెన్షన్ పడకుండా చివరి లైను ముందు చదవండి. పైథాన్‌లో అసలు విషయం అక్కడే ఉంటుంది, పైనున్నదంతా అక్కడికి ఏ దారిన వచ్చిందో చెబుతుంది.

అయితే నాకు నిజంగా పని నేర్పింది మా షాపు ఖాతా పుస్తకమే. రైతులు మందులు అరువుకి తీసుకెళ్లి పంట అమ్మాక కడతారు. నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీ, నెలంటే 30 రోజులు. 18,500 బాకీ మీద నాలుగు నెలల పది రోజులకు వడ్డీ 1,603 రూపాయల 33 పైసలు. కాగితం మీద రెండు నిమిషాల లెక్క. ప్రోగ్రామ్‌లోకి ఎక్కించేటప్పుడే దాని లోతు తెలిసింది.

పైథాన్‌లో 0.1 + 0.2 అని కొట్టి చూడండి, 0.30000000000000004 వస్తుంది. దశాంశాలను కంప్యూటర్ 0, 1 అనే రెండు అంకెలతోనే దాచుకుంటుంది కాబట్టి 0.1ని ఖచ్చితంగా పట్టలేదు. డబ్బు లెక్కలో అది కుదరదు. అందుకే నా టేబుల్స్‌లో రూపాయలు లేవు, అన్నీ పైసలే, పూర్ణసంఖ్యలే. రూపాయికి సవరించేటప్పుడూ జాగ్రత్త. రౌండ్ ఫంక్షన్‌కి 2.5 ఇస్తే 2, 3.5 ఇస్తే 4 వస్తుంది. సరిగ్గా సగం ఉంటే దగ్గరి సరిసంఖ్యకు పోతుంది. మా షాపులో అర్ధరూపాయి ఎప్పుడూ పైకే. అందుకని పైసలకు 50 కలిపి 100తో భాగించి, శేషం వదిలేస్తున్నాను.

పేర్ల దగ్గర ఇంకో చిక్కు. 'లక్ష్మి'ని మనం రెండక్షరాలు అంటాం, పైథాన్‌లో పొడవు చెప్పే లెన్ ఫంక్షన్‌ని అడిగితే 7 అంటుంది. హల్లులు, పొల్లులు, గుడి అన్నీ విడివిడిగా లెక్కపెడుతుంది. ఖాళీలు చేర్చి బాకీల జాబితా వరుసగా పేరుద్దామంటే తెలుగు పేర్లున్న చోటల్లా అంకెలు పక్కకి జరిగిపోతాయి. జాబితాను హెచ్‌టీఎంఎల్ టేబుల్‌గా రాసి బ్రౌజర్ నుంచి ప్రింట్ తీస్తున్నాను, ఇప్పుడు బారుగా వస్తోంది. ఇక ఒకే ఊళ్లో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉంటారు. పేరుతో వెతికితే ఒకరి జమ ఇంకొకరి ఖాతాలో పడుతుంది. అందుకే ప్రతి రైతుకీ ఒక నంబరు, దాని పక్కన తండ్రి పేరు, ఊరు.

డేటా అంతా ఎస్‌క్యూలైట్‌ అనే డేటాబేస్‌లో ఉంది. సర్వర్ అక్కర్లేదు, ఒక్కటే ఫైలు. సాయంత్రం షాపు కట్టేముందు పెన్ డ్రైవ్‌లోకి కాపీ. కోడ్ గిట్‌లో ఉంది. కోడ్‌లో ఎప్పుడు ఏం మార్చామో గుర్తుపెట్టుకునే ప్రోగ్రామ్ అది, లైనక్స్ తయారుచేసిన లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రాసింది. మొదటి వారమే నేర్చుకోండి, చేసిన పనికి సాక్ష్యం అదే.

ఉద్యోగాల మాట. పెద్ద సర్వీస్ కంపెనీల ఫ్రెషర్ ప్రకటనలు చాలావరకు బీటెక్, 60 శాతం మార్కులు అడుగుతాయి, అక్కడ నా అప్లికేషన్ చూసేవాళ్లే ఉండరు. జోహో స్కూల్స్, హెచ్‌సీఎల్ టెక్‌బీ లాంటి కంపెనీ శిక్షణ కోర్సులు ఇంటర్ తర్వాతే తీసుకుంటాయి. వాటికి షరతులున్నాయి, ఇంట్లో ఇంటర్ చదువుతున్న తమ్ముడో చెల్లెలో ఉంటే ఇప్పుడే చూపించండి. నేను గుంటూరులో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న ఆఫీసుకి వెళ్లాను. సర్టిఫికెట్ అడగలేదు, కోడ్ తెరవమన్నారు. "మధ్యలో కొంత కడితే ఎలా లెక్కవేస్తున్నారండీ?" అన్నారు. జమ ముందు వడ్డీకి పోతుంది, మిగిలింది అసలులో తగ్గుతుంది, ఆ రోజు నుంచి కొత్త అసలు మీద వడ్డీ అని చూపించాను. ఏ వీడియోలోనూ నేర్చుకున్నది కాదు అది, కౌంటర్ దగ్గర కూర్చుని నేర్చుకున్నది. మీరు చేసే పని ఏదైనా సరే, హోటలో, ట్రాక్టర్ అద్దెలో, మొదటి ప్రాజెక్టు దాంట్లోంచే తీయండి.

వాళ్లు డబ్బులిచ్చే చిన్న పని ఒకటి ఇచ్చారు, జీఎస్‌టీ నెలవారీ రిపోర్టు. దానికోసం, కోడ్ సరిగ్గా పనిచేస్తోందో పరీక్షించే పైటెస్ట్ నేర్చుకుంటున్నాను. వడ్డీ ఫంక్షన్‌కి పరీక్షలు రాయడం అయింది. అమ్మిన సరుకు తిరిగొచ్చిన బిల్లులకు రాయాలి, ఈ వారం అదే పని.