మాత్రలతో సహా చెప్పిన సాక్ష్యం

నాకు టీబీ వచ్చింది. మందులు వాడాను, తగ్గింది. దేవుడే నన్ను బాగుచేశాడని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. ఈ మాటల్లో ఏ ఒక్కటీ వదలకుండా చెప్పాలని ఇది రాస్తున్నాను. ఎందుకంటే, కోలుకున్నాక, దేవుడు చేసిన మేలు గురించి కూటంలో సాక్ష్యం చెప్పమని నన్ను పిలిచిన కొందరికి మందుల మాట అక్కర్లేకపోయింది.

నేను సంఘంలో బైబిలు వాక్యం చెప్పేవాణ్ణి. ఆదివారం ఆరాధన, వారం మధ్యలో ఉపవాస ప్రార్థన, సాయంత్రాలు ఇళ్ళలో కూటాలు. దగ్గు మొదలైనప్పుడు గొంతు అలిసిపోయిందన్నారు అందరూ. తర్వాత సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం, రాత్రి చొక్కా తడిసిపోయేంత చెమట, ఉన్నట్టుండి బరువు తగ్గడం. మా ఆవిడే పట్టుబట్టింది. "ప్రార్థన నేను చేస్తూనే ఉంటానండీ. మీరు ముందు ఎక్స్‌రే తీయించుకోండి" అంది. ఇన్నేళ్ళ సేవలో నేను విన్న మంచి ప్రసంగాల్లో ఆ రెండు ముక్కలూ ఉంటాయి.

కళ్ళె పరీక్షలో టీబీ అని తేలింది. డాక్టరు మందుల చీటీ రాస్తూ మధ్యలో ఆగి, "మీరేం చేస్తుంటారు?" అని అడిగారు. చెప్పాను. "మూసి ఉన్న గదుల్లో గట్టిగా మాట్లాడతారా? పాడతారా?" రెండూ చేస్తానన్నాను. టీబీ గాలి ద్వారానే అంటుకుంటుందనీ, దగ్గు ఒక్కటే కాదు, గట్టిగా మాట్లాడినా పాడినా ఆ క్రిములు బయటికొస్తాయనీ, ఒకే గదిలో గంటల తరబడి కలిసి కూర్చునేవాళ్ళకే ఎక్కువ ప్రమాదమనీ ఆయన నిదానంగా వివరించారు. నాకు వెంటనే మా ప్రార్థన గది గుర్తొచ్చింది. చిన్న గది, ఒక్కటే కిటికీ, పక్కవాళ్ళకి ఇబ్బంది కాకూడదని అదీ మూసే ఉంచుతాం. అందులో తెల్లవారుజామున మోకాళ్ళూని నా పక్కన కూర్చునేవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే కళ్ళముందుకొచ్చాయి. నా జబ్బు సంగతి కంటే ఆ టెన్షనే ఎక్కువైంది.

సంఘానికి ఉత్తరం రాయాలనుకున్నాను. పెద్దలు నా మీద ప్రేమతోనే ఒక సలహా ఇచ్చారు: "జబ్బు పేరు రాయొద్దు అయ్యగారూ, ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ అని రాద్దాం. జనం రకరకాలుగా అనుకుంటారు." వాళ్ళ భయం నాకు అర్థమైంది. టీబీ అన్న మాట చుట్టూ ఇప్పటికీ సిగ్గు అల్లుకుని ఉంది. కానీ పేరు చెప్పకపోతే ఎవరు పరీక్ష చేయించుకోవాలో వాళ్ళకెలా తెలుస్తుంది? "ప్రతివాడును తన పొరుగువానితో సత్యమే మాటలాడవలెను" అని ఎఫెసీ పత్రిక నాలుగో అధ్యాయం నుంచి ఎన్నిసార్లు చెప్పానో! అది నా చేత్తో నేనే రాయాల్సిన రోజు వచ్చింది. "నాకు ఊపిరితిత్తుల టీబీ ఉంది. ప్రార్థన గదిలో నాతో కూర్చున్నవాళ్ళూ, నేను తరచుగా వచ్చిన ఇళ్ళవాళ్ళూ దయచేసి పరీక్ష చేయించుకోండి. పిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఆలస్యం చేయకండి. భయపడకండి, దీనికి మందుంది" అని రాశాను. ఆదివారం సంఘపెద్ద ఒకరు దాన్ని చదివి వినిపించారు. తర్వాత చాలామంది వెళ్ళి పరీక్ష చేయించుకున్నారు. రోజూ నా పక్కనే కూర్చునే ఒక యువకుడికి జబ్బు తొలిదశలోనే బయటపడింది. అతనూ ఇప్పుడు బాగున్నాడు.

పరిశుద్ధత గురించి నా ఆలోచన స్థిరపడింది ఆ ఉత్తరం రాస్తున్నప్పుడే. "నేను పరిశుద్ధుడనై యున్నాను గనుక మీరును పరిశుద్ధులై యుండుడి" అన్న పేతురు మాట మనం తరచుగా ఎత్తుతాం. ఆయన దాన్ని లేవీయకాండం నుంచి తీసుకున్నాడు. అక్కడ పంతొమ్మిదో అధ్యాయం తెరిచి, "మీరు పరిశుద్ధులై యుండవలెను" అన్న మాట తర్వాత ఏముందో చదవండి. చేను కోసేటప్పుడు పేదలకి అంచులు వదలమంటుంది. దొంగిలించొద్దు, బొంకొద్దు అంటుంది. కూలివాడి కూలి తెల్లారేదాకా మీ దగ్గర ఉంచుకోవద్దంటుంది. గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టొద్దు, పొరుగువాడి ప్రాణానికి ముప్పు తేవొద్దు, తప్పుడు తూకం తూయొద్దు అంటుంది. దేవుడు పరిశుద్ధత అని పిలిచినదాంట్లో ఇంత మామూలు జీవితం ఉంది. తెల్లబట్టలూ గంభీరమైన గొంతూ ఆ అధ్యాయంలో లేవు. పొరుగువాడి ప్రాణం మాత్రం ఉంది. మందులు పనిచేసి నా నుంచి ఇంకొకరికి అంటదని డాక్టరు చెప్పేదాకా నేను విడిగా, కిటికీలు తెరిచిన గదిలో ఉన్నాను. ఆ ఆదివారాలు ఆరాధనకి వెళ్ళకపోవడమే నా ఆరాధన అయింది.

చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, ఆ తర్వాత మందులు తగ్గుతాయి. పొద్దున్నే పరగడుపున వేసుకోవాలి. వాటిలో రిఫాంపిసిన్ అనేది మూత్రాన్నే కాదు, చెమటనీ కన్నీళ్ళనీ కూడా నారింజ రంగులోకి మారుస్తుంది. డాక్టరు ముందే చెప్పారు కాబట్టి కంగారుపడలేదు. ఒకరోజు ప్రార్థనలో చాలాసేపు ఏడ్చాను. లేచి చూసుకుంటే తెల్ల చేతిరుమాలు మీద లేత నారింజ మరకలు. అవి ఉతికినా పూర్తిగా పోలేదు. ఆ రుమాలు ఇప్పటికీ నా బైబిలు సంచిలో ఉంది. నా కన్నీళ్ళలో ఆ మందు కలిసే ఉంది. నా ప్రార్థనని ఆ మందు నుంచి ఎలా విడదీయాలో నాకు తెలియదు, విడదీయాలని కూడా లేదు.

మరో మందు వల్ల కీళ్ళు పట్టేశాయి. మోకరించడం కుదరలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ప్రార్థన చేసుకునేవాణ్ణి. చావు జబ్బుతో ఉన్న రాజైన హిజ్కియా కూడా అలాగే గోడవైపు ముఖం తిప్పుకుని ప్రార్థించాడు. ఆ ప్రార్థనకి దేవుడు పదిహేనేళ్ళ ఆయుష్షు ఇచ్చాడని మనం ప్రసంగిస్తాం. అదే అధ్యాయం, యెషయా 38, చివర్లో యెషయా ప్రవక్త అంజూరపు ముద్ద తెప్పించి పుండు మీద కట్టు వేయించాడని ఉంది. దేవుడి మాట అప్పటికే వచ్చేసింది. అయినా కట్టు కట్టారు. ఆ వచనం మీద ప్రసంగం నేనెక్కడా వినలేదు.

పరామర్శకు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ప్రేమగానే వచ్చారు, గుమ్మం అవతల నిలబడి పాట పాడి వెళ్ళారు. కొందరు మాత్రం, "ఏదైనా ఒప్పుకోని పాపం ఉందేమో చూసుకోండి" అన్నారు. నన్ను నేను పరీక్షించుకోవడం మంచిదే, అది ఆరోగ్యంగా ఉన్నప్పుడూ చేయాల్సిందే. జబ్బుకీ పాపానికీ ముడిపెట్టడాన్ని మాత్రం ఒప్పుకోలేను. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, ఇతనిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదు అన్నాడు యేసు. తన తోటి పనివాడైన త్రోఫిము రోగియై ఉంటే మిలేతు పట్టణంలో విడిచి వచ్చానని పౌలు రాశాడు. ఎపఫ్రొదితు చావుకి సిద్ధమయ్యేంత జబ్బుపడ్డాడనీ రాశాడు. వీళ్ళ పాపాల లెక్క ఆయన ఎక్కడా తీయలేదు. తిమోతి కడుపునొప్పికీ తరచుగా వచ్చే బలహీనతలకీ కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. తనకి తోడుగా ఉన్న లూకాని "ప్రియుడైన వైద్యుడు" అన్నాడు.

ఒక దైవజనుడు ఇంకో అడుగు ముందుకేశారు. తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, "స్వస్థత వచ్చేసింది, ఇక మాత్రలు మింగితే అవిశ్వాసం" అన్నారు. నేను చేతులు జోడించి, కోర్సు పూర్తి చేస్తానని చెప్పాను. టీబీ మందులు మధ్యలో ఆపితే, చావకుండా మిగిలిన క్రిములు ఆ మందులకి లొంగకుండా తయారవుతాయి. అప్పుడు చికిత్స కష్టం, పైగా ఆ మొండి క్రిములే ఇంకొకరికి అంటుకుంటాయి. కొన్ని వారాలకే ఒంట్లో బాగానే ఉంటుంది కాబట్టి రోగికి మాత్రలు ఆపమనే మాట తియ్యగా వినిపిస్తుంది. వేదిక మీద నుంచి ఈ మాట చెప్పేవాళ్ళు, ఇంటికి వెళ్ళాక ఆ రోగికి ఏమైందో చూడటానికి మళ్ళీ రారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఆ రోజుల్లో డేవిడ్ బ్రెయినర్డ్ గురించి చాలా ఆలోచించాను. అమెరికా ఆదివాసుల మధ్య సువార్త ప్రకటించిన ఆయన రక్తం కక్కుతూనే గుర్రం మీద తిరిగాడు, మంచులో మోకరించి ప్రార్థించాడు. 1747లో, ఇరవై తొమ్మిదేళ్ళకే క్షయతో చనిపోయాడు. ఆ జబ్బుకి కారణమైన క్రిమిని రాబర్ట్ కాక్ ప్రకటించింది 1882లో. దానిమీద పనిచేసిన మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. ఆయన చనిపోయి, నేను బతికానంటే నా విశ్వాసం ఆయనకంటే పెద్దదా? ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. ఆయనకి దొరకనిది నాకు దొరికింది. దాన్ని ఇచ్చిన దేవుణ్ణి స్తుతిస్తాను, దాన్ని వెతికి కనిపెట్టిన మనుషులకి కృతజ్ఞత చెప్పుకుంటాను. "నా కృప నీకు చాలును" అని ప్రభువు పౌలుతో అన్న మాట బ్రెయినర్డ్‌కీ నాకూ ఒకటే.

కోర్సు పూర్తయ్యాక ఒక పెద్ద కూటంలో సాక్ష్యం చెప్పమన్నారు. ముందురోజు నిర్వాహకుల్లో ఒకాయన ఫోన్ చేసి, "డాక్టర్ల సంగతి ఎక్కువ వద్దండి, దేవుడికి మహిమ తగ్గుతుంది" అన్నారు. నాకు బైబిల్లోని యోబు గుర్తొచ్చాడు. దేవుడి తరఫున మీరు అబద్ధమాడతారా అని ఆయన తన స్నేహితుల్ని నిలదీస్తాడు. దేవుణ్ణి కాపాడటానికి వాళ్ళు నిజాన్ని వంచారు. ఆఖరికి ఆ దేవుడే వాళ్ళ మీద కోప్పడ్డాడు. మహిమ తగ్గుతుందన్న భయంతో మనం నిజంలో కొంత మింగేస్తున్నామంటే, నిజాన్ని తట్టుకోలేని దేవుణ్ణి ప్రకటిస్తున్నట్టే కదా! పైగా యేసు పదిమంది కుష్ఠురోగుల్ని యాజకులకి కనబరచుకోమని పంపాడు. ఆ రోజుల్లో చర్మం చూసి శుద్ధి అయిందని నిర్ధారించేది వాళ్ళే. ఆయన చేసిన స్వస్థత పరీక్షకి నిలబడింది.

ఫోన్‌లో ఆయనకి, చెబితే అంతా చెబుతాననీ, లేకపోతే రాననీ చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, రమ్మన్నారు. వెళ్ళాను. పరీక్షల సంగతి, మాత్రల సంగతి, మా ఆవిడ మాట, సంఘం ప్రార్థన, చివర్లో కళ్ళెలో క్రిములు లేవని వచ్చిన రిపోర్టు, అన్నీ చెప్పాను. మామూలుగా వినిపించేంత గట్టిగా హల్లెలూయా వినిపించలేదు. కూటం అయిపోయాక మాత్రం ఒకావిడ వచ్చి, తన కొడుకు ఫిట్స్ మందులు ఎవరో ఆపమన్నారనీ, ఏం చేయాలో తెలియక నలిగిపోతున్నాననీ చెప్పింది. ఆపొద్దమ్మా, డాక్టరుని అడగకుండా ఒక్క పూట కూడా ఆపొద్దని చెప్పి, ఆ పిల్లాడి కోసం అక్కడే ప్రార్థన చేశాం.

ఇప్పుడు నా ఊపిరితిత్తుల్లో ఒక మచ్చ మిగిలింది. పాడుతుంటే మూడో చరణానికి ఆయాసం వస్తుంది. ప్రసంగాలు చిన్నవయ్యాయి, దానికి సంఘం సంతోషంగానే ఉన్నట్టుంది. ప్రార్థన గదికి ఇంకో కిటికీ పెట్టించాం. రోగుల్ని చూడటానికి వెళ్ళినప్పుడు బైబిలు తెరవకముందే మందుల చీటీ చూపించమంటాను. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఇంట్లో ఇంకెవరికైనా తెలుసా అని అడుగుతాను. తెలియకపోతే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మంచం పక్కన గోడకి అంటించి, తర్వాత ప్రార్థన మొదలుపెడతాను.