పాత దూలాలతో సిరామిక్ గ్రిల్లుకు బండి: పని ఎక్కడిదాకా వచ్చిందంటే

అడుగు చట్రం, నాలుగు కాళ్లు, పై బల్ల, అందులో గుండ్రటి కోత అయిపోయాయి. మొదటి చేయి నూనె కూడా పట్టించిన. నల్లగొండ ఎండలో బల్ల ఎట్లా ఉంటదో చూద్దామని ఇప్పుడు వాకిట్లోనే పెట్టిన.

గ్రిల్లు 18 అంగుళాల జాలీ పట్టే కమాడో. జపాన్ వాళ్ల మట్టిపొయ్యి నుంచి వచ్చిన రకం, గోడలు మందంగా ఉండి తందూరు లెక్కనే వేడిని పట్టుకుంటది. బరువు 70 కిలోల పైమాటే, కింద పడితే పగులుతది. ఇట్లాంటి దానికి బండి అంటే చాలామంది పై బల్లనే ఊహించుకుంటరు. నాకైతే అసలు పనంతా మోకాలి కిందనే కనిపించింది. బరువు మోసేది అక్కడ, నిప్పురవ్వలు పడేది అక్కడ, ఎత్తు తేలేది కూడా అక్కడే.

ఎత్తు లెక్క పై నుంచి కిందికి కట్టిన. వంట చేసేటప్పుడు నడుము వంగొద్దంటే పొయ్యి మూతి అంచు 35 అంగుళాల దగ్గర ఉండాలి. నా పొయ్యి అడుగు నుంచి మూతి దాకా 18. అంటే పొయ్యి కూర్చునే చోటు నేల నుంచి 17 అంగుళాలు. అందులో పొయ్యి కింది పాదాలు 2, రాయి ఒకటిన్నర పోతే, కింది అర 13½ దగ్గర రావాలి. పై బల్ల 32లో పెట్టిన. బల్ల మందం 1¼, చక్రం పట్టీతో సహా 6 తీసేస్తే కాలి పొడవు 24¾. మూత ఎత్తినప్పుడు వెనక స్ప్రింగు బల్ల అంచుకు తగులుతదేమో ముందే చూసుకోవాలి. కొందరి పొయ్యిలకు ఇక్కడే పేచీ వస్తది.

కట్టె కొనలేదు. ఊళ్లో మా పాత మిద్దె విప్పినప్పుడు దించిన దూలాలు, దంతెలు షెడ్డులో పడి ఉన్నాయి. టేకువి పై బల్లకు, కాళ్లకు. యాప దంతెలు కింది చట్రానికి. ఏండ్ల తరబడి ఎండిన కట్టె కాబట్టి వంకర పోతదన్న భయం తక్కువ. మేకుల భయం మాత్రం ఎక్కువ. కోత మిల్లాయన మేకు ఉన్న కట్టెను ముట్టడు, బ్లేడు పోతదని. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి ప్రతి దూలం మీద పొడవునా నడిపించిన. తుప్పు పట్టి లోపలికి కూరుకుపోయిన మేకులు కూడా దొరికినయి. యాపకు చిత్రిక పట్టడం మాత్రం విసుగు పని. పోగు అటూ ఇటూ తిరిగి ఉంటది, ఒక్క జానెడు మేర నున్నగ వస్తదో లేదో చిత్రిక పెచ్చులు లేపుతది. బ్లేడు పదును పెట్టి, సన్నగా తీస్తూ పోవాల్సిందే.

జాయింట్లకు బోల్టులే బిగిద్దామనుకుని ఊళ్లో వడ్ల తాతను అడిగిన. "బోల్టులు చాలవా తాతా?"

"ఎండకు కట్టె గుంజుకుంటది బిడ్డా, బోల్టు వదులైతది. కూసం దింపు, అడ్డంగ కట్టె మేకు గొట్టు. ఊగితే నన్నడుగు."

నాలుగు కాళ్లకూ కూసాలే దింపిన, అంటే ఒక కట్టె కొసను సన్నగా చెక్కి ఇంకో కట్టె బెజ్జంలోకి దింపుడు. కూసం మందం అంగుళం, బెజ్జం ఉలితో. కట్టె మేకులు టేకు ముక్కలతోనే. మెరైన్ ఫెవికాల్ కింది అరకు తప్ప ఎక్కడా వాడలే. బోల్టులు చక్రాల పట్టీలకు మాత్రమే.

ఇక రాయి. సిరామిక్ పొయ్యిని నేరుగా కట్టె మీద పెట్టొద్దు, ఇది రాజీపడే విషయం కాదు. తాండూరు నాపరాయి, 2 అడుగుల చదరం, అంగుళంన్నర మందం వేసిన. లెక్క కడితే 37 కిలోలు దాకా వచ్చింది. రాయి మీద పాదాలు, పాదాల మీద పొయ్యి, మధ్యలో గాలి ఆడాలి. పొయ్యి ముందరి గాలి తలుపు నుంచే బూడిద, రవ్వలు రాలుతాయి కాబట్టి రాయి ముందుకు నాలుగైదు అంగుళాలు మిగలాలి. రాయి కింద పలకల మధ్య వేలెడు సందు వదిలిన.

మొత్తం బరువు 150 కిలోలు దాటుతది. చక్రాల శక్తి చూసేటప్పుడు నాలుగుతో కాదు, మూడుతో భాగించాలి. ఎగుడుదిగుడు నేల మీద ఒక చక్రం ఎప్పుడూ గాల్లోనే ఉంటది. ఒక్కోటి 100 కిలోలు మోసే 5 అంగుళాల పాలియురెథేన్ చక్రాలు తీసుకున్న. నైలాన్ చవకే గాని బండపరుపు సందుల్లో గడగడలాడుతది, సిరామిక్‌కు ఆ అదురు మంచిది కాదు. పొయ్యి ఉన్న కొసకు పక్కలకు మళ్లని, నేరుగానే పోయే చక్రాలు, ఖాళీ కొసకు ఎటంటే అటు మళ్లేవి, లాకులతో. ఖాళీ వైపు నుంచి పట్టుకుని గుంజాలి, పొయ్యిని పట్టుకుని నెట్టొద్దు. ఈ చక్రాలకు పెట్టినన్ని పైసలు బండి మొత్తానికీ పెట్టలేదు.

గుండ్రం కోతకు పొయ్యి నడుం చుట్టూ దర్జీ టేపు తిప్పితే 66 అంగుళాలు, 3.14తో భాగిస్తే 21. చుట్టూరా అంగుళం సందు కోసం 23 కోసిన. ఒక పట్టీకి రెండు కొసల్లో మేకులు కొట్టి, ఒకటి మధ్యలో దింపి రెండోదానితో గీత గీసి, జిగ్‌సాతో కోత. పై పలకల మధ్య కూడా సందులు వదిలిన, వానాకాలం కట్టె ఉబ్బుతది మరి.

నూనె అంటే ఉడికించిన అవిసె నూనె, మొదటి చేతికి సగం టర్పెంటైన్ కలిపి. తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలకు పడేయొద్దు, వాటంతట అవే అంటుకుంటాయి. తీగ మీద విడివిడిగా ఆరేసి, గట్టిపడ్డాకే పారేయాలి.

కొత్త పొయ్యి కాబట్టి మూతి చుట్టూ ఉన్న పట్టీ జిగురు కుదురుకునేదాకా 170 డిగ్రీలు దాటనియ్యలే. సర్కారు తుమ్మ బొగ్గులు వాడిన. పెద్ద ముక్కలే వెయ్యాలి, పొడి కలిస్తే గాలి ఆగుతది.

మిగిలింది రెండో చేయి నూనె, కుడివైపు పటకార్లకు కొక్కేలు, వానకు టార్పాలిన్ కప్పు. కింద సొరుగు పెట్టమని ఇంట్లో అంటున్నరు. బూడిద తలుపు ఎదురుగా కట్టె సొరుగు నాకు నచ్చలే. పెడితే వెనక వైపే, అదీ రేకు కొట్టి.